కాళియుడు ఎటు పోవాలి?

వెదురు ముక్క నీదే, కత్తీ నీదే. ఇంకొకరు చీల్చి ఇవ్వరు. ఇక్కడి పద్ధతి అది.

ముక్కను నేల మీద నిలబెట్టు. కత్తి అంచు పైన ఆనించి చెక్కతో ఒక్క దెబ్బ వెయ్యి. టప్పున పగులుతుంది. ఇక కత్తిని నెమ్మదిగా కిందికి తోసుకుంటూ రా. కణుపు దగ్గర ఆగు! అక్కడే జారేది. నీ ఎదురుగా గొంతుక్కూర్చున్న పదహారేళ్ళ కుర్రాడు కబుర్లు చెబుతూనే చీల్చేస్తున్నాడు. అతని ఎడమచేతి బొటనవేలి మీద నాలుగైదు తెల్లటి గాట్లు ఉన్నాయి, అన్నీ పాతవి. నీ వేలు ఇప్పుడే తెగింది. నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ కత్తి పట్టు.

చీలుస్తున్నది జాతి వెదురు. పురుగు పట్టకుండా కొన్నాళ్ళు నీళ్ళలో నానేశారు. ఆ ముక్క వాసన నీ వేళ్ళకు పట్టేసింది, సబ్బుకు పోదు.

ఇది మాజులి. అస్సాంలో, బ్రహ్మపుత్ర పాయల మధ్య ఉన్న దీవి. 2016లో దీన్ని జిల్లా చేశారు. నదిలోని దీవి ఒక జిల్లా కావడం దేశంలో అదే మొదలు. పొద్దున్న జోర్హాట్ దగ్గర నిమాతి ఘాట్‌లో పడవ ఎక్కి వచ్చావు. పడవ నిండా మోటార్‌సైకిళ్ళు, బస్తాలు, కోళ్ళ గంపలు, పెళ్ళికి పోతున్న కుటుంబాలు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే మొదట మొహమాటపడ్డావు. పక్కనున్న పెద్దాయన నీ జాకెట్ తాళ్ళు తనే బిగించి కట్టాడు. 2021 సెప్టెంబర్ 8న ఈ ఘాట్ దగ్గరే రెండు పడవలు గుద్దుకుని ఒకటి బోల్తా పడింది. ఇక్కడివాళ్ళకు ఆ తేదీ ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు నీ చుట్టూ ఉన్నది ఒక కుర్రకారు జట్టు. కాలేజీకి పోయేవాళ్ళు ఉన్నారు. చేపలు పట్టేవాళ్ళు ఉన్నారు. ఇద్దరు మిసింగ్ తెగ అమ్మాయిలు, సాల్మొరా ఊరి కుమ్మరి కుర్రాడు, పడవలో టిక్కెట్లు ఇచ్చే పనిలో ఉన్న యువకుడు కూడా ఉన్నారు. అందరికీ పెద్దదిక్కు ఒక అక్క. సత్రియా నాట్యం నేర్చుకున్న మనిషి. అందరూ ఆమెను 'బాయిదేవ్' అంటారు, అంటే అక్కే. సాయంత్రమైతే అందరూ ఈ పెరట్లో చేరతారు. వెదురు చీలుస్తారు, పాట అందుకుంటారు, పోట్లాడుకుంటారు. కార్తీక పౌర్ణమికి మాజులి అంతా రాసోత్సవం జరుగుతుంది. ఆ రాత్రి వీళ్ళు కాళియదమనం ఆడాలి. నీకు కాళియుడి వేషం పడింది. ఆ తలలు నువ్వే చేసుకోవాలి.

బద్దలను ఆరు మూలల కళ్ళు వచ్చేలా అల్లు. అల్లిక వదులైతే మట్టి నిలవదు, బిగువైతే గుడ్డ పట్టదు. మొదటిది బాయిదేవ్ చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి పట్టి చూసింది. మాట్లాడకుండా విప్పేసింది.

మళ్ళీ అల్లు.

ఈ వేషాల తొడుగులను ఇక్కడ ముఖా అంటారు. మొహం వరకే ఉండేది ముఖ్ ముఖా. దవడ, పెదవులు కదిలేది లొటొకాయి. తల వేరుగా, ఒళ్ళు వేరుగా, మనిషిని నిలువునా మింగేది ఛో ముఖా. రాక్షసులకు అదే. 1663 నాటి సామగురి సత్రం, అంటే ఒక వైష్ణవ మఠం, వీటికి పేరు. ఆ సత్రానికి చెందిన హేమచంద్ర గోస్వామికి 2023లో పద్మశ్రీ వచ్చింది, మరుసటి ఏడాది మాజులి ముఖాలకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. ఈ పెరట్లో గోడకు ఆనించిన పూతన నోరు తెరుచుకుని నీకంటే ఎత్తుగా నిలబడి ఉంది. దాని పక్కనే నువ్వు రాత్రి చాప వేసుకోవాలి.

తెల్లారింది. గుడ్డ సిద్ధంగా ఉంది, మట్టి లేదు. సాల్మొరా పోవాలి.

సైకిళ్ళ మీద బయల్దేరారు. దారిలో మిసింగ్ వాళ్ళ ఊరు. ఇళ్ళన్నీ గుంజల మీద నిలబడ్డాయి, నేల నుంచి ఆరడుగుల ఎత్తున. కింద మగ్గాలు, పందులు, పడవలు. ఇంటి కింద పడవ ఎందుకని అడగబోయి, గుంజ మీద బురద గీత చూసి ఊరుకున్నావు. గీత నీ భుజం దాకా ఉంది. ఈ ఏడు వరద అక్కడిదాకా వచ్చింది.

సాల్మొరాలో ఆడవాళ్ళు కుండలు చేస్తున్నారు. సారె లేదు. ఒక్క ఇంట్లోనూ లేదు. బంకమట్టి ముద్దను చేత్తో తిప్పుతూ, తడుతూ, పలచన చేస్తూ కడుపు తీసుకొస్తారు. నువ్వు చూస్తున్న పిన్ని మన కుమ్మరి కుర్రాడి తల్లి. ఆమె ఎడమచెయ్యి కుండ లోపల ఉంది, కుడిచేతిలో చెక్క తెడ్డు. లోపలి చెయ్యి ఎక్కడ ఉంటే బయట తెడ్డు సరిగ్గా అక్కడే పడుతుంది. కళ్ళు మాత్రం వీధిలో ఉన్నాయి. మట్టి తవ్వడం, ఆవం పెట్టడం మగవాళ్ళ పని. కాల్చిన కుండలు పడవలకెక్కించి ఊరూరా తిప్పి వడ్లకు మార్చుకోవడం ఇక్కడ తరాలుగా ఉంది.

మట్టి కోసం ఒడ్డుకు నడువు. గోనె సంచి నీ భుజాన, గునపం కుమ్మరి కుర్రాడి చేతిలో.

నది వెనక్కి తగ్గుతోంది. వరద పోయింది కదా, ఇక భయమేముంది అనిపిస్తుంది నీకు. అది తప్పు. వరద నిండుగా ఉన్నప్పుడు నీళ్ళే ఒడ్డును ఒత్తి పట్టుకుంటాయి. నది దిగిపోగానే ఒడ్డు లోపల నానిన నీరు బయటికి కారుతుంది, కారుతూ ఇసుకను లాక్కుపోతుంది. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, కింద డొల్ల. మాజులిలో రాయి లేదు. ఎక్కడ తవ్వినా ఒండ్రు, ఇసుక.

కుర్రాడు గోతిలోకి దిగాడు. పై పొరలు పనికిరావు. జిగురు మట్టి లోతున ఉంటుంది. అతను నడుము దాకా, ఛాతీ దాకా, ఇప్పుడు మెడ దాకా లోపలున్నాడు. మట్టి పెళ్ళలు పైకి విసురుతున్నాడు, నువ్వు సంచిలో వేస్తున్నావు. చల్లగా ఉంది మట్టి. నల్లగా, నున్నగా ఉంది. వేలితో నొక్కితే నీ వేలిముద్ర గీత గీతా పడుతోంది.

సంచి సగం నిండింది.

నీ కాలి దగ్గర గడ్డిలో సన్నటి గీత కనిపించింది. ఇందాక లేదు. వంగి చూశావు. చీమలు దాన్ని దాటలేక బారు తప్పాయి.

గీత వెడల్పవుతోంది.

"తమ్ముడూ, పైకి రా."

అతనికి వినపడలేదు. గునపం చప్పుడు.

"పైకి రా!"

తల ఎత్తాడు. నీ మొహం చూశాడు. గునపం వదిలేశాడు.

గీత ఇప్పుడు బెత్తెడు. నువ్వు నదివైపు ఉన్నావు. అతనూ నదివైపే. ఊరు గీతకు అవతల.

దాటెయ్యి. ఒక్క అడుగు. అవతల నేల గట్టిది.

అతను?

బోర్లా పడుకో. నిలబడకు. చెయ్యి అందించు.

అందింది.

జారింది. చేతుల నిండా జిగురు.

మణికట్టు పట్టుకో. రెండు చేతులా.

లాగు.

నేల కదిలింది. పొట్ట కింద తెలుస్తోంది.

లాగు!

మోకాలు గట్టెక్కింది. లేచాడు. సంచి? వదిలెయ్. దూకు.

దూకారు.

వెనక ఏదో పెద్దగా ఊపిరి వదిలినట్టయింది, ఆపైన నీళ్ళు ఎగసిన చప్పుడు. తిరిగి చూశావు. ఇందాక మీరున్న చోటు లేదు. గొయ్యి లేదు, గునపం లేదు, సంచి లేదు. పొలం అంచున ఉన్న అరటి పిలక వేళ్ళతో సహా నీళ్ళలో నిలువుగానే నిలబడి కొంచెం దూరం పోయింది. ఆకులు ఊగుతూనే ఉన్నాయి. తర్వాత వంగింది.

కుమ్మరి కుర్రాడు కింద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నావు. కాదు, దూరంగా నదిలోకి చెయ్యి చాపి చూపిస్తున్నాడు. "మా తాత ఇల్లు అక్కడ." అతను చూపిస్తున్న చోట పడవ ఒకటి పోతోంది.

ఎంత పోయిందని ఎవరైనా అడుగుతారు. 20వ శతాబ్దం మొదట్లో ఈ దీవి 1,200 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. 1950 ఆగస్టు 15న వచ్చిన భూకంపం 8.6 తీవ్రతది. కొండలు విరిగిపడి ఆ మట్టీ రాళ్ళూ బ్రహ్మపుత్రలోకి కొట్టుకొచ్చాయి. నది అడుగు లేచింది. లేచిన నది పక్కలకు తిరిగింది. అప్పటినుంచి కోత ఆగలేదు. ఒడ్డున సిమెంటు కాళ్ళతో ముళ్ళపందుల్లా పేర్చిన కట్టడాలు చూశావు కదా, అవి ప్రవాహం జోరు తగ్గించి ఒండ్రు నిలిపేందుకు. కొన్నిచోట్ల నిలిపాయి, కొన్నిచోట్ల అవే మునిగాయి.

సత్రాలు కూడా కదిలాయి. సత్రమంటే మనకు తెలిసిన ధర్మసత్రం కాదు. శంకరదేవుడు, ఆయన శిష్యుడు మాధవదేవుడు వేసిన వైష్ణవ బాటలో వెలసిన మఠాలు. పాట, ఆట, నాటకం, పూజ అన్నీ అక్కడే. ఒకప్పుడు మాజులిలో 60కి పైగా ఉండేవని చెబుతారు. నది తరిమితే సింహాసనం, సాంచి బెరడు మీద రాసిన పోథీలు, ఖోల్ మద్దెలలు పడవలకెక్కించుకుని చాలా సత్రాలు అవతలి ఒడ్డుకు పోయాయి. అక్కడా అదే పాట అందుకున్నాయి.

మట్టి పిన్ని ఇచ్చింది. కుండల కోసం తడిపి పెట్టుకున్న ముద్దలోంచి రెండు చేతులా తీసి బకెట్‌లో వేసింది. కొడుకు సంగతి విన్నది. వాడి చెవి గట్టిగా మెలిపెట్టింది, తర్వాత నీకు అన్నం పెట్టింది.

ఇక చేతులు పెట్టు. మట్టి పలచగా కలుపు. పాత నూలుగుడ్డ ముంచి, పిండకుండా, వెదురు అల్లిక మీద పరువు. ముడత వస్తే వేలితో తీసెయ్. ఆరనివ్వు. మళ్ళీ ఒక పొర. తర్వాత మట్టిలో ఆవుపేడ కలిపి కనుబొమ్మ, ముక్కు, పడగ అంచు దిద్దు. పేడ లేకపోతే ఎండకు పగులుతుంది. కొర్ధొని అనే వెదురు పనిముట్టుతో నున్నగా రాయి. రాస్తూనే ఉండు. ఎండ రాకపోతే పని ఆగిపోతుంది. రెండు రోజులుగా మబ్బు. ఎవరూ విసుక్కోవడం లేదు, నువ్వు తప్ప.

పోట్లాట మొదలైంది ఆ మబ్బు సాయంత్రమే.

కథ నీకూ తెలుసు. మన ఇళ్ళలో పోతన భాగవతం దశమ స్కంధంలో విన్నదే. యమున మడుగులో కాళియుడు, విషం, పిల్ల కృష్ణుడు పడగల మీద ఆడటం, నాగపత్నులు చేతులు జోడించడం. శంకరదేవుడు 1568లో కన్నుమూశాడు. ఆయన రాసిన ఆరు నాటకాల్లో కాళియదమనం ఒకటి. మైథిలి, అస్సామీ కలగలిసిన బ్రజావళిలో ఉంటుంది. సూత్రధారుడు ఆడతాడు, పాడతాడు, కథ నడుపుతాడు. వేషం తెర వెనక నుంచి వస్తుంది. కూచిపూడి భాగవతం చూసిన కంటికి ఇది పరాయిగా అనిపించదు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టిన రోజులు రెండుచోట్లా ఉన్నాయి. తంజావూరు దగ్గర మెలట్టూరులో తెలుగులో ఆడే ప్రహ్లాద చరిత్రంలో నరసింహుడి తొడుగును గుడిలో ఉంచి పూజిస్తారు. ఇక్కడ కూడా ముఖాను దాటి నడవరు. నువ్వు నిన్న దాటబోతే ముగ్గురు ఒకేసారి అరిచారు.

మిసింగ్ అమ్మాయి అడిగింది: "కాళియుడు యమునకు ఎందుకొచ్చాడు?"

"గరుత్మంతుడికి భయపడి" అన్నాడు టిక్కెట్ల కుర్రాడు.

"ఎక్కణ్ణుంచి?"

"రమణక ద్వీపం నుంచి."

"దీవి నుంచి" అంది ఆమె. "ఉన్న దీవి వదులుకుని, ఇంకోచోట చేరితే అక్కడ అందరూ వద్దన్నారు. వాణ్ణి చూసి జనం నవ్వేలా ఎందుకు ఆడాలి? మా ఊరు రెండుసార్లు లేచింది. గట్టు మీద గుడిసె వేసుకుంటే మమ్మల్నీ పొమ్మన్నారు."

ఖోల్ వాయించే కుర్రాడు ఒప్పుకోలేదు. విషం విషమే అన్నాడు. మడుగులో పశువులు చచ్చాయి, గోపబాలురు పడిపోయారు, దానికేమంటావన్నాడు. గొంతులు లేచాయి. గురువుల మాట మార్చడానికి మనమెవరమని ఒకడు, మార్చమని ఎవరన్నారని ఇంకొకరు. అందరూ నీకేసి చూశారు. వేషం నీది కదా.

నువ్వేం చేస్తావు?

బాయిదేవ్ దారి చెప్పింది. మాట ఒక్కటి మారదు, పాట మారదు, తాళం మారదు. కానీ కృష్ణుడు పొమ్మన్నాక కాళియుడు తల ఎలా వంచాలో, ఎటు తిరిగి వెళ్ళాలో పుస్తకంలో రాసిలేదు. అది వేషగాడి పని. "నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆ చోటు ప్రతి వేషగాడికీ ఖాళీగానే వదిలారు" అంది. "నీ వంతు వచ్చింది. ఆలోచించుకో."

వారసత్వాన్ని ఎలా కాపాడాలని సభల్లో చాలా మాట్లాడతారు. ఈ పెరట్లో విన్నంత సూటైన జవాబు నేను వేరే చోట వినలేదు.

పౌర్ణమి వచ్చింది.

పందిరి కిక్కిరిసింది. ముందు వరసలో ముసలమ్మలు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు, పసిపిల్లలు ఒళ్ళో నిద్రపోతున్నారు. ఖోల్ మొదలైంది. పెద్ద తాళాలు మోగితే నీ పళ్ళ దాకా అదురు తెలుస్తోంది. తెల్ల తెర ఇద్దరు పట్టుకున్నారు. నువ్వు తెర వెనక, కాళియుడి లోపల ఉన్నావు.

లోపల చీకటి. పేడ, మట్టి, కొత్త రంగు వాసన. ఎర్రది ఇంగిలీకం, పసుపుది హరిదళం. పాతకాలంలో అవే వాడేవారు, మీరు వేసింది ఎక్కువగా కొట్లో కొన్న రంగు. చూపుకు పడగ గొంతు దగ్గర రెండు వేళ్ళ సందు ఉంది. అందులోంచి దివిటీ మంట, ఒక చిన్న పాదం, అంతే కనిపిస్తోంది. తోక వైపు కుమ్మరి కుర్రాడు ఉన్నాడు. అతని ఊపిరి వినిపిస్తోంది.

తెర పోయింది.

లే. పడగలు ఎత్తు. జనం అరిచారు. పసివాడెవడో ఏడుపు లంకించుకున్నాడు.

కుడికి ఊగు. ఎడమకు. తాళం తప్పకు. కృష్ణుడి వేషం కట్టిన ఎనిమిదేళ్ళవాడు నీ వెనక దాచిన పీట ఎక్కాడు. ఒక కాలు పీట మీద, ఒకటి నీ పడగ మీద. ధిం. ధిం. బరువు మెడ మీదికి దిగుతోంది.

చిటుక్కుమంది.

ఎక్కడ?

నడిమి పడగ. కట్టు తెగింది.

పడగ వాలుతోంది. పిల్లాడి కాలు దాని మీదే ఉంది.

ఆపాలా? చెయ్యెత్తితే ఆట ఆగుతుంది. ఎత్తకపోతే వాడు పడతాడు.

"పట్టుకున్నా" అంది చీకట్లో గొంతు. తోక వదిలి ముందుకు పాకి వచ్చాడు కుమ్మరి కుర్రాడు. మెడలోని గమోసా కండువా తీశాడు. విరిగిన బద్దకు చుట్టాడు. పంటితో బిగించాడు.

ఊగు. తాళం అందుకో.

ధిం. ధిం. పిల్లాడికి తెలియనే లేదు. నవ్వుతున్నాడు.

నాగపత్నులు పాడుతున్నారు. మిసింగ్ అమ్మాయి గొంతు అన్నిటికన్నా పైన ఉంది. కృష్ణుడు పీట దిగాడు. మడుగు వదిలి పొమ్మన్నాడు. సూత్రధారుడు పక్కకు జరిగి నీకు చోటిచ్చాడు.

ఇదే ఆ ఖాళీ చోటు. ఎవరూ చెప్పరు.

తల వంచు. కృష్ణుడికి కాదు ముందు. ముందు వరసలోని ముసలమ్మలకు. వాళ్ళలో ఊరు నీళ్ళలో పోనివాళ్ళు తక్కువ. తర్వాత తిరుగు. ఉత్తరానికి కాదు, దక్షిణానికి, నది ఉన్న వైపుకి. వెళ్ళు. తొందరపడకు.

ఎవరూ నవ్వలేదు. ఖోల్ వాయించే కుర్రాడు, విషం విషమే అన్నవాడు, నువ్వు పందిరి దాటేదాకా దెబ్బ ఆపకుండా వాయించాడు. పాత పద్ధతిలో ఆ చోట అంతసేపు వాయించరు. అది అతని సొంతం.

ఆట అయ్యాక పెద్దవాళ్ళు వంక పెట్టకుండా వదల్లేదు. నడిమి పడగ అల్లిక వదులన్నారు. నిజమే, వచ్చే ఏడు సరిచెయ్యాలి.

కృష్ణ, గోదావరి పాయల మధ్య మనకూ దీవులున్నాయి. దివిసీమ ఉంది, కోనసీమ లంకలున్నాయి. అక్కడా ఏటి కోత ఉంది, అక్కడా పాటలున్నాయి, కుమ్మర్లున్నారు, పడవ కట్టే చేతులున్నాయి. మీ ఊళ్ళో పదిమంది పిల్లలు కలిసి ఒక పెద్దాయన దగ్గర కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు ఒకసారి మాజులి వెళ్ళి చూసి రా. రాసోత్సవం కార్తీక పౌర్ణమికి. నిమాతి ఘాట్ నుంచి మాజులిలోని కమలాబారికి పడవలు పగలే ఉంటాయి, చీకటి పడ్డాక నడవవు. ముఖా ఒకటి కొనుక్కుని తిరిగి పడవెక్కెయ్యకు. నాలుగు రోజులుండి వెదురు చీల్చడం నేర్చుకో. అడిగితే నేర్పుతారు.